బాప్తిస్మం తర్వాత పేరు, కులం, కాగితాలు: ఏది మారుతుంది, ఏది మారదు?

కృష్ణలంక_కుర్రాడు
పెద్దయ్యాక సొంత నిర్ణయంతో క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చేవాళ్ల కోసం ఈ థ్రెడ్. "క్రీస్తులో ఉన్నవాడు నూతన సృష్టి" (2 కొరింథీ 5:17) అని ప్రతి ఆదివారం వింటాం. ఆ మాట తహసీల్దారు ఆఫీసులో, రిజిస్ట్రారు దగ్గర, ఇంట్లో పెద్దకర్మ రోజున ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. నాలుగు సంగతులు కావాలి: బాప్తిస్మానికి ముందు తయారీ, పేరు మార్పు, కుల ధ్రువీకరణ, పెళ్లి-ఆస్తి. సాక్ష్యాలకు వేరే విభాగం ఉంది కాబట్టి ఇక్కడ పనికొచ్చే వివరాలే రాయండి.

డెల్టా_విశ్వాసి
ముంచి ఇచ్చే సంఘాల సంగతి నేను రాస్తాను. బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు ఈ పద్ధతే.

అడిగిన వారమే నీళ్లలో దింపే సంఘం ఉంటే కాస్త ఆగండి. మంచి సంఘంలో కొన్ని వారాల క్లాసులు పెడతారు: పాపం, మారుమనస్సు, విశ్వాసం, బాప్తిస్మానికి అర్థం (రోమా 6), ప్రభువు బల్ల, సంఘ క్రమం. ఆ తర్వాత సంఘ పెద్దల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. జవాబు బట్టీ పట్టి చెప్తున్నాడా, తెలిసి చెప్తున్నాడా అన్నది అక్కడే తేలిపోతుంది. "ఎవరి బలవంతమైనా ఉందా? డబ్బు, ఉద్యోగం, పెళ్లి సంబంధం ఏమైనా ఆశ పెట్టారా?" అన్న ప్రశ్న తప్పకుండా అడగాలి. 18 నిండినట్టు రుజువు, సొంత చేతిరాతతో అర్జీ, ఇద్దరు సాక్షుల సంతకాలు సంఘం ఫైల్లో ఉంటే రేపు ఎవరైనా ఫిర్యాదు పెట్టినా మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. తొట్టి 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండి 3.5 అడుగుల మేర నీళ్లు పెడితే దాదాపు 2,800 లీటర్లు పడుతుంది. కుళాయి పైపుతో నింపాలంటే గంటలు పడుతుంది, ముందురోజు రాత్రే మొదలుపెట్టండి. మెట్లకి, అడుగుకి నున్నటి టైల్స్ వద్దు. డిసెంబరులో నీళ్లు వేడి చెయ్యడానికి హీటర్ పెడితే మనిషి దిగేముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి, స్విచ్ ఆపితే సరిపోదు. పాస్టరు గారు వైరున్న మైకు పట్టుకుని నీళ్లలోకి దిగడం అస్సలు కూడదు. ప్రార్థన గట్టున నిలబడి చేసుకుని, చేతులు ఖాళీగా దిగాలి.

కాలవలో ఇచ్చేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. డెల్టా కాలవలు వేసవిలో కట్టేస్తారు, నీళ్లు వదిలిన కొత్తలో ఉరవడి ఎక్కువ. నడుం లోతు దాటి పోవద్దు. దిగువన ఈతొచ్చిన ఇద్దరు నిలబడాలి. దిగినవాళ్లు చేతులు గుండెలమీద పెట్టుకోవాలి. ఇచ్చేవారు ఒక చేత్తో ఆ చేతుల్ని, ఇంకో చేత్తో మెడ వెనక పట్టుకుని వెనక్కి వాల్చి, తల పూర్తిగా మునగగానే లేపాలి. ముక్కుకి చేతిరుమాలు. ఆయాసం, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఆడవాళ్లకి మందపాటి ముదురు రంగు బట్టలు చెప్పండి, తెల్లచీర తడిస్తే ఇబ్బంది. బట్టలు మార్చుకునే చోటు చూసుకోకుండా తేదీ పెట్టుకోవద్దు, ఎక్కువ గందరగోళం అక్కడే జరుగుతుంది.

విచారణ_ఉపదేశి
కతోలిక సంఘంలో దీన్ని జ్ఞానస్నానం అంటాం. పెద్దవాళ్లకి దారి పొడుగు. ముందు జ్ఞానార్థిగా చేర్చుకుంటారు, నెలల తరబడి ఉపదేశం ఉంటుంది, తపస్సు కాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజులు) చివరి తయారీ జరుగుతుంది, మామూలుగా పాస్కా (ఈస్టరు) జాగరణ రాత్రి జ్ఞానస్నానం. ఆ రాత్రే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) కూడా ఇస్తారు. చిన్నపిల్లలకి మూడూ వేరువేరు వయసుల్లో, పెద్దలకి ఒకేసారి. 14 నిండినవాళ్ల విషయం పీఠాధిపతి (బిషప్పు) దృష్టికి తీసుకెళ్లాలని సంఘ చట్టంలో ఉంది.

జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లి ఒక్కరున్నా చాలు. ఆ మనిషికి 16 నిండాలి, అభ్యంగనం పొందిన కతోలికులై ఉండాలి. కన్న తల్లిదండ్రులు ఆ పాత్ర చెయ్యకూడదు. తెలిసిన పెద్దమనిషి కదా అని వేరే సంఘస్థుణ్ణి పిలిస్తే ఆయన సాక్షిగా ఉండొచ్చు, అదీ పక్కన కతోలికుడొకరు ఉన్నప్పుడు.

రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, ఇచ్చిన గురువు, చోటు, తేదీ రాస్తారు. తర్వాత అభ్యంగనం, పెళ్లి ఎక్కడ జరిగినా ఆ సమాచారం ఈ రిజిస్టరు అంచుకే చేరాలి. అందుకే కతోలిక పెళ్లికి పాత సర్టిఫికెట్ జిరాక్సు పనికిరాదు, ఈమధ్య తీసిన కొత్త ప్రతి అడుగుతారు. ఆ ఎంట్రీలో స్పెల్లింగు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో కలిసేలా ఆ రోజే చూసుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత దిద్దించుకోవాలంటే పీఠం ఆఫీసు దాకా వెళ్లాలి.

తోరూరు_రోడ్
చిన్నప్పుడు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో చిలకరించారు, ఇప్పుడు పెంతెకోస్తు సంఘం మళ్లీ ముంచుతామంటోంది. ఇలాంటివాళ్లకి ఏది లెక్క?

విచారణ_ఉపదేశి
సంఘాన్ని బట్టి ఉంటుందండి. కతోలికులు, సీఎస్ఐ, లూథరన్లు బాప్తిస్మం ఒక్కసారే అంటారు. నీళ్లు వాడి "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామమున" అని ఇచ్చి ఉంటే సీఎస్ఐ బాప్తిస్మాన్ని కతోలికులు ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. "యేసు నామమున" అని మాత్రమే ఇచ్చే సంఘాలది ఒప్పుకోరు. బాప్టిస్టు, పెంతెకోస్తు వాళ్లకి పసిపిల్లకి చిలకరించింది అసలు బాప్తిస్మమే కాదు, కాబట్టి వాళ్ల దృష్టిలో "రెండోసారి" అన్న మాట లేదు. గొడవ ఎక్కడొస్తుందంటే, అలా ముంచుకున్నాక సీఎస్ఐలో సభ్యత్వం, సమాధి స్థలం ఉంటాయా అన్న దగ్గర. దిగకముందే రెండు వైపులా పెద్దల్ని అడగండి.

గుండ్లకమ్మ
పేరు గురించి. "సౌలు మారుమనస్సు పొంది పౌలు అయ్యాడు, నువ్వూ మార్చుకో" అని చెప్తుంటారు. అపొస్తలుల కార్యములు 13:9 తెరిచి చూడండి. "పౌలు అనబడిన సౌలు" అని ఉంది. దమస్కు దారిలో జరిగింది 9వ అధ్యాయంలో, ఆ తర్వాత నాలుగు అధ్యాయాలు ఆయన సౌలుగానే ఉన్నాడు. యూదులకి ఒక పేరు, రోమీయుల మధ్య ఇంకో పేరు, రెండూ ముందునుంచీ ఉన్నవే.

ఇంకా గట్టి ఆధారం కావాలంటే రోమా 16 చదవండి. పౌలు వందనాలు చెప్పిన విశ్వాసుల్లో హెర్మే ఉన్నాడు, చేర్చుకోమని సిఫారసు చేసిన ఫీబే ఉంది. రెండూ గ్రీకు పురాణాల పేర్లే. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత ఉంది. ఏథెన్సులో నమ్మిన దియొనూసియు (అపొ. 17:34) పేరు దియొనూసుస్ దేవుడిది. వీళ్లలో ఒక్కరినీ పేరు మార్చుకోమని పౌలు రాయలేదు. వేంకటేశ్వర్లు అన్న పేరుతో సంఘ పెద్దగా ఉండటానికి బైబిల్లో అడ్డేమీ లేదు.

మన దగ్గరా అంతే. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి చివరిదాకా పురుషోత్తమే. ఒంగోలు బాప్టిస్టు మిషన్ తొలి రోజుల్లో, 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య, పేరయ్యగానే ఊరూరా తిరిగి బోధించాడు. కరువు కాలంలో కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని అక్కడి మిషనరీ క్లౌ దొర నెలల తరబడి బాప్తిస్మాలు ఆపి, సహాయ పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇద్దరిద్దరు బోధకులు నీళ్లలో నిలబడి, అలిసిపోతే వేరే ఇద్దరికి అప్పగిస్తూ పొద్దుణ్నించి సాయంత్రం దాకా ఇచ్చారు. అప్పుడు నీళ్లలో దిగినవాళ్లకి అన్నిటికంటే మారింది, ఊళ్లో తమని ఎలా పిలవాలో తామే చెప్పగల ధైర్యం. పేరు మార్పు దానికి షరతు కాలేదు.

డెల్టా_విశ్వాసి
గుండ్లకమ్మ గారూ, ఒప్పుకుంటాను గానీ ఒక్క మాట. "పెంటయ్య", "పుల్లిగాడు" లాంటి పేర్లు పైవాళ్లు తగిలించినవో, దిష్టికి పెట్టినవో. వాటిని వదిలి "దేవదానం", "జీవరత్నం", "కరుణాకర్" అని పెట్టుకున్న కుటుంబాలకి ఆ మార్పు చాలా పెద్దది. పేరు మారాలని రూలు పెట్టడం తప్పు, మార్చుకోవాలన్న కోరిక తప్పు కాదు.

గుండ్లకమ్మ
దానికి నేను అడ్డు చెప్పను. పైగా ఆ పేర్లన్నీ తెలుగు పేర్లే, గమనించారా!

నోటరీ_వీధి
మార్చుకోవాలనుకుంటే వరస ఇది. సంఘం ఇచ్చిన బాప్తిస్మ పత్రంలో కొత్త పేరు ఉన్నంత మాత్రాన ప్రభుత్వ లెక్కలో పేరు మారదు. బాగా పొరబడేది ఇక్కడే.

స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్ రాయించాలి: పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, చిరునామా, కారణం. ఆపైన రెండు దినపత్రికల్లో ప్రకటన, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు ఉంటే మంచిది. మొత్తం పేజీ దాచుకోండి, కత్తిరించిన ముక్క మీద తేదీ ఉండదు. తర్వాత రాష్ట్ర గెజిట్‌కి దరఖాస్తు. తెలంగాణకి హైదరాబాదు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం, ఆంధ్రకి విజయవాడ. అఫిడవిట్‌లో, ప్రకటనలో, దరఖాస్తులో మూడుచోట్లా అక్షరం కూడా తేడా రాకూడదు. ఇనిషియల్ ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా తిప్పి పంపుతారు.

గెజిట్ చేతికొచ్చాక ముందు ఆధార్. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి "జాన్" అని ఒకసారి, "జాన్ బాబు" అని ఇంకోసారి ప్రయోగాలు చెయ్యొద్దు. పేరు మొత్తం మారితే గెజిట్ అడుగుతారు. ఆ తర్వాత పాన్, బ్యాంకు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు. ఆధార్ మార్చిన వెంటనే పాన్ మార్చకపోతే రెండూ కలవక రిటర్ను, పీఎఫ్ క్లెయిము ఆగిపోతాయి.

పదో తరగతి మెమో మీద పేరు మారదు. బోర్డు గుమాస్తా తప్పులు దిద్దుతుంది తప్ప, మీరు తర్వాత ఎంచుకున్న పేరు వెనక్కి వెళ్లి వెయ్యదు. ఎప్పటికీ మెమో వెనకాల గెజిట్ కాపీ పిన్ను పెట్టి ఇవ్వాల్సిందే. లామినేట్ చేయించకండి, అటెస్టేషన్ చెయ్యరు. పోటీ పరీక్ష నోటిఫికేషన్ ముందుంటే అది అయ్యాకే మార్పు మొదలుపెట్టండి.

అసలు మతం ఎక్కడ రాసి ఉంటుందో కూడా చూసుకోండి. ఆధార్‌లో లేదు, పాన్‌లో లేదు, పాస్‌పోర్టులో లేదు, ఓటరు కార్డులో లేదు. స్కూలు రికార్డు, టీసీ, కుల ధ్రువీకరణ, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన నమోదు ఫారం, వీటిలోనే ఉంటుంది.

మండలాఫీసు_మెట్లు
కులం సంగతి. ఇది సుత్తి లేకుండా చెప్పాలి.

రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు 1950లోని 3వ పేరా ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు కాని మనిషి ఎస్సీగా లెక్కకి రాడు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ. 1970 నాటి 1793 నంబరు జీవో ప్రకారం రిజర్వేషను 1 శాతం. కేంద్ర ఓబీసీ జాబితాలో కూడా ఆంధ్ర కింద ఈ వర్గం ఉంది. క్రీమీ లేయరులోకి రాకపోతే కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం కోటాకి ఆ సర్టిఫికెట్‌తో పోటీ పడొచ్చు. చాలామంది దీన్ని వాడుకోరు, తెలియక.

బీసీ-సీ సర్టిఫికెట్‌కి మీసేవలో దరఖాస్తు చేసి, తండ్రి లేదా తాత అసలు కులం ఏదో చూపే పాత రికార్డు, బాప్తిస్మ పత్రం, సంఘ కాపరి ఉత్తరం, పదో తరగతి మెమో జత చెయ్యాలి. తహసీల్దారు ఆఫీసు నుంచి ఊళ్లో విచారణకి వస్తారు. ఇంటిమీద శిలువ ఉందా, ఆదివారం ఎక్కడికి వెళ్తారు, పెళ్లి ఎక్కడ జరిగింది, ఇవే ప్రశ్నలు.

ఎస్టీలకి ఈ గొడవ లేదు. గిరిజనుల ఉత్తర్వులో మతం షరతు పెట్టలేదు కాబట్టి ఏజెన్సీలో క్రైస్తవుడైన కొండదొర ఎస్టీగానే ఉంటాడు. ఓసీ కులాల నుంచి వచ్చినవాళ్లు ఓసీనే, ఆదాయం, ఆస్తి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ వస్తుంది.

ఎస్సీ హోదా పోయినా అన్నీ పోవు. 1977 ఆగస్టు 30 నాటి 341 నంబరు జీవోతో, చట్టం కింద కాకుండా ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే (నాన్-స్టాట్యుటరీ) రాయితీలు క్రైస్తవులైన ఎస్సీలకి కూడా వర్తింపజేశారు. ఉద్యోగాల రిజర్వేషను, ఎస్సీకి కేటాయించిన సర్పంచి, ఎమ్మెల్యే సీట్లు మాత్రం అందులోకి రావు.

పల్నాడు_పాఠకుడు
మా వైపు చాలా సంఘాల్లో "కాగితం మీద హిందూ ఉంచుకో, ప్రభువు హృదయం చూస్తాడు" అని చెప్పేస్తారు. దీనివల్ల వచ్చే నష్టం ఎంతో తెలుసుకోవాలి.

మండలాఫీసు_మెట్లు
నష్టం పెద్దదే. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో తీర్పు ఇచ్చింది. బాప్తిస్మం రిజిస్టరు, తల్లిదండ్రుల క్రైస్తవ వివాహ నమోదు, చర్చికి వెళ్లడం, ఇవి చూసి, ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఆవిడ క్రైస్తవురాలే అని తేల్చింది. నమ్మకం ఒకటి పెట్టుకుని ఉద్యోగం కోసం ఇంకొకటి చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు వైపు ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారిన రోజు నుంచే ఎస్సీ హోదా పోతుంది, అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేరు అంది. అంటే కులం పేరుతో కొట్టినవాడి మీద ఆ చట్టం ప్రయోగించాలంటే కొట్టించుకున్నవాడి బాప్తిస్మం అడ్డొస్తుంది. ఊళ్లో మాత్రం ఏ అయ్యవారూ వాళ్ల కులాన్ని మర్చిపోడు.

కుల ధ్రువీకరణ పత్రాల గురించిన 1993 నాటి 16వ చట్టం కింద తప్పుడు సర్టిఫికెట్‌ని కలెక్టరు రద్దు చెయ్యొచ్చు. ఉద్యోగం, సీటు రెండూ పోతాయి, శిక్ష కూడా ఉంది. ఫిర్యాదు సాధారణంగా ఎక్కడినుంచి వస్తుందంటే ప్రమోషన్లో పోటీ ఉన్న సహోద్యోగి నుంచి.

పల్నాడు_పాఠకుడు
అలాంటప్పుడు చట్టమే అన్యాయం కదండీ? బౌద్ధం తీసుకుంటే ఎస్సీ ఉంటుంది, క్రైస్తవం తీసుకుంటే పోతుంది. వాడలో ఇల్లు మారలేదు, బావి మారలేదు.

మండలాఫీసు_మెట్లు
అన్యాయమని వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు. 2023 మార్చి 24న ఆంధ్ర అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిషన్ వేసింది. పోరాడండి, అర్జీలు పెట్టండి. ఆ పోరాటం గెలిచేదాకా దరఖాస్తులో మతం కాలమ్‌లో అబద్ధం రాయొద్దు. 2027 జనగణనలోనూ అంతే. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం అని తేలింది. ప్రతి వాడలో ఉన్న చర్చిల్ని చూసినవాడెవడూ ఆ అంకెని నమ్మడు, కానీ ఆ అంకె మన సమాధానాలతో తయారైందే.

గుండ్లకమ్మ
తిరిగి హిందువుగా మారినవాళ్ల సంగతి కూడా రాయండి, అడిగేవాళ్లుంటారు.

మండలాఫీసు_మెట్లు
1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో, క్రైస్తవులైన తల్లిదండ్రులకి పుట్టినవాడైనా సరే, తిరిగి హిందువై, ఆ కులంవాళ్లు ఒప్పుకుంటే ఎస్సీ అవుతాడని సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో కేరళ కేసులో మూడు షరతులు ఖాయం చేసింది: పూర్వీకుల కులానికి గట్టి రుజువు, అసలు మతంలోకి నిజమైన మార్పు, ఆ కుల సమాజం అంగీకారం. ఆర్యసమాజం సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుని ఆదివారం చర్చిలో కూర్చుంటే ఇవేవీ నిలబడవు.

బార్_అసోసియేషన్_బెంచీ
పెళ్లి, ఆస్తి నేను అందుకుంటాను.

మతం మారితే ఉన్న పెళ్లి రద్దు కాదు. హిందూ పద్ధతిలో అయిన పెళ్లి బాప్తిస్మం తర్వాత కూడా హిందూ వివాహ చట్టం కిందే ఉంటుంది, విడాకులు కావాలన్నా ఆ చట్టం ప్రకారమే. కాకపోతే 13వ సెక్షన్ కింద మతం మారడం అవతలివాళ్లకి విడాకుల కారణం అవుతుంది, మారినవాళ్లకి కాదు. కొందరు పాస్టర్లు "మళ్లీ పెళ్లి చేసుకోండి" అంటారు, అనవసరం. 1 కొరింథీ 7:12-13 కూడా నమ్మని భార్యని, భర్తని వదలొద్దనే చెప్తుంది. ఇంకో మూల ఉంది, ఎవరూ చూడరు: హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం 6వ సెక్షన్ ప్రకారం హిందూ మతం వదిలిన తండ్రి లేదా తల్లి సహజ సంరక్షకులుగా ఉండే హక్కు కోల్పోతారు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ కింద భార్య మతం మారితే మనోవర్తి అడగలేదు, అప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్) కింద అడగాలి.

కొత్తగా పెళ్లి చేసుకునేవాళ్లు, ఒక్కరు క్రైస్తవులైనా భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 కింద చేసుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. తప్పు జరిగేది పాస్టరు దగ్గర. అభిషిక్తుడైనంత మాత్రాన పెళ్లి చేసే అధికారం రాదు. పెద్ద సంఘాల గురువులకి సంఘ నియమాల ప్రకారం ఉంటుంది, స్వతంత్ర సంఘాల పాస్టరుకి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అది లేకుండా చేస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష ఉంది. శుభలేఖ వేయించేముందు లైసెన్సు కాపీ చూపించమని అడగండి, సిగ్గుపడకండి. లేదంటే ముందు ప్రత్యేక వివాహ చట్టం 1954 కింద రిజిస్ట్రారు దగ్గర 30 రోజుల నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షులతో చేసుకుని, ఆ తర్వాత చర్చిలో ప్రార్థన పెట్టుకోండి.

తోరూరు_రోడ్
తండ్రి హిందువు, కొడుకు క్రైస్తవుడైతే ఆస్తి రాదంటారు, నిజమేనా?

బార్_అసోసియేషన్_బెంచీ
కాదు. మారినవాడి హక్కు పోదు. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ చెప్పేది అతని పిల్లల గురించి. మతం మారిన తర్వాత పుట్టిన పిల్లలకి, వాళ్లు కూడా హిందువులు కాకపోతే, హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం రాదు. ఉదాహరణకి కొడుకు క్రైస్తవుడై, ఆ తర్వాత పిల్లలు పుట్టి, తాతకంటే ముందు కొడుకు చనిపోతే, తాత వీలునామా రాయకుండా పోతే, మనవలకి ఇబ్బంది. తాతని బతికుండగానే వీలునామా రాయమని ఒప్పించడమే దీనికి మందు. ఉమ్మడి ఆస్తిలో వాటా ఉన్నవాడు మతం మారిన రోజుతో ఉమ్మడి నుంచి విడిపోయినట్టు లెక్క, ఆ నాటి వాటా తనదే.

ఇక క్రైస్తవుడు సంపాదించింది భారత వారసత్వ చట్టం 1925 కింద పోతుంది. వీలునామా లేకుండా పోతే భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకి, కూతుళ్లకి సమానంగా. తల్లికి ఏమీ రాదు! హిందూ చట్టంలో తల్లి మొదటి వరస వారసురాలు, ఇక్కడ పిల్లలుంటే ఆమెకి వాటా లేదు. హిందువుగా ఉన్న ముసలి తల్లిని పోషించేవాడు వీలునామా రాయకపోతే ఆవిడ గతి ఏమిటో ఆలోచించుకోవాలి. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టరు చేయిస్తే ఇంకా మంచిది. క్రైస్తవుడు పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా దానంతట అదే రద్దవుతుంది, పెళ్లయ్యాక మళ్లీ రాయాలి.

పాలకొల్లు_పిన్ని
లాయరు గారు చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో కర్మలు ఒక ఎత్తు. పెద్దకొడుకు బాప్తిస్మం తీసుకున్నాడంటే తల్లికి ముందొచ్చే భయం "నాకు తలకొరివి ఎవరు పెడతారు?" అని. ఆవిడ బాగున్నప్పుడే తమ్ముడితోనో, మేనల్లుడితోనో మాట్లాడి ఖాయం చేసి, ఆ సంగతి ఆవిడకి చెప్పాలి. మారినవాడు పాడె మోయొచ్చు, ఖర్చంతా పెట్టుకోవచ్చు, పదకొండు రోజులూ ఇంట్లో ఉండి వచ్చేపోయేవాళ్లకి భోజనాలు చూడొచ్చు. పిండం మాత్రం వేరేవాళ్లు పెడతారు. శ్మశానం గేటు దగ్గర నిలబడి వాక్యం చెప్పొద్దు, అక్కడే శాశ్వతంగా పగలు పుడతాయి.

ప్రసాదం సంగతి 1 కొరింథీ 10లో ఉంది. అంగడిలో కొన్నది అడగకుండా తినొచ్చు, "ఇది దేవుడికి పెట్టింది" అని ఒకరు చెప్పి ఇస్తే వద్దనొచ్చు. వద్దన్నప్పుడు రెండు చేతులూ జోడించి "నాకు వద్దత్తయ్యా, మీరు తీసుకోండి" అంటే చాలు, ముఖం తిప్పుకోవద్దు.

బొట్టు, పూలు, తాళి గురించి సంఘానికో పద్ధతి. సీఎస్ఐ, లూథరన్, కతోలిక ఇళ్లలో శిలువ ఉన్న తాళి కడతారు. కొన్ని పెంతెకోస్తు సంఘాల్లో బంగారం పూర్తిగా తీసేయమంటారు. భర్త హిందువుగా ఉన్న ఆడవాళ్లని తాళి తీసేయమని ఒత్తిడి పెట్టే సంఘం అయితే ఆ ఇంటి కాపురం గురించి ఆలోచించలేదన్నమాటే. అలాంటిచోట తొందరపడకండి.

దమ్మామ్_తెలుగు
గల్ఫ్‌లో ఉండేవాళ్లకి ఒక్క సంగతి. సౌదీ వీసా ఫారంలో మతం కాలమ్ ఉంటుంది. కాంట్రాక్టు మధ్యలో పాస్‌పోర్టులో పేరు మారిస్తే ఇకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు), బ్యాంకు, కంపెనీ రికార్డు అన్నీ మార్చాలి. సెలవుకి ఇంటికొచ్చి, కొత్త వీసా కొట్టించేముందు మార్చుకోవడం తేలిక. సౌదీలో చర్చి లేదు, బాప్తిస్మం ఇంటికొచ్చినప్పుడు పెట్టుకోండి.

బార్_అసోసియేషన్_బెంచీ
ఊరు దాటే సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. ఆంధ్ర, తెలంగాణలో మత మార్పిడికి ముందస్తు అనుమతి అడిగే చట్టం లేదు. పక్కన ఒడిశాలో 1967 నుంచి ఉంది. అక్కడి 1989 నియమాల కింద కార్యక్రమం జరిపే గురువు 15 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకి తెలపాలి. ఇచ్ఛాపురం, పార్వతీపురం వైపు సంఘాలు సరిహద్దు దాటి బాప్తిస్మాలు పెట్టుకునేటప్పుడు ఇది మర్చిపోతుంటాయి. ఉత్తరప్రదేశ్‌లో 2021 చట్టం ప్రకారం మారే మనిషి 60 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి.

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ వందనాలు. ఇంకొక్కటి మిగిలింది. సమాధి స్థలం?

విచారణ_ఉపదేశి
సమాధుల తోటలు ఎక్కువగా సంఘాలవి. సభ్యుల రిజిస్టరులో పేరు, కట్టిన చందా, కాపరి ఉత్తరం చూసి స్థలం ఇస్తారు. తోట లేని స్వతంత్ర సంఘంలో చేరేవాళ్లు "మన సభ్యుల్ని ఎక్కడ పెడతారు?" అని చేరేటప్పుడే అడగాలి. ఊరు మారితే పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెచ్చి కొత్త సంఘంలో ఇవ్వండి, ఫోన్లో చెప్తే సరిపోదు. ఇంట్లో మిగతావాళ్లంతా హిందువులైతే, ఖననమా దహనమా అన్నది మీ చేతిరాతతో రాసి, సంతకం పెట్టి, ఒక కాపీ ఇంట్లో పెద్దవాళ్లకి, ఒకటి సంఘ కాపరికి ఇవ్వండి. మార్చురీ ముందు రెండు వర్గాలు తగువు పడేది ఈ కాగితం లేకే.

నోటరీ_వీధి
ఆ కాగితాన్ని నోటరీ చేయించడం కూడా మంచిదే. ఖననం కోరిక వీలునామాలో మాత్రమే రాసి ఊరుకోవద్దు, వీలునామా తెరిచేది అన్నీ అయిపోయాక.